లిఫ్టర్ కావలెను



ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సాయంత్రం నాలుగున్నర దాటాక ఏ ఊరి జడ్పీ హైస్కూలు పక్క నుంచి పోయినా రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి, అరచెయ్యి బంతిని గట్టిగా కొట్టిన చప్పుడు. రెండోది, ఆ బంతి నెట్టులో పడ్డాక పిల్లలంతా ఒక్కసారి "అయ్యో" అనే చప్పుడు. రెండు ఇనుప పైపులు, మధ్యన అక్కడక్కడా ముడులు పడ్డ నెట్టు, ఎర్రమట్టి మీద సున్నంతో గీసిన గీతలు. వాలీబాల్‌కు ఇంతకు మించి పెట్టుబడి అక్కర్లేదు. క్రికెట్ టీవీని ఎంత ఏలినా, ఈ మెట్ట ప్రాంతపు బడి మైదానాల్లో వాలీబాల్ తన చోటు వదులుకోలేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టినప్పుడు కూడా కబడ్డీ, ఖోఖోలతో పాటు వాలీబాల్ కోర్టుకు జాగా ఇచ్చింది. వాటిలో కొన్ని ఇప్పుడు బోర్డు మాత్రమే మిగిలి, ముళ్లకంపకు నెలవయ్యాయి. అది వేరే కథ.

ఇవాళ చెప్పుకోవలసింది ఆ రెండో చప్పుడు గురించి. బడిపిల్లలకు దాడి ఎలా నేర్పాలి? ఆరుగురినీ కలిపి దాడి చేయించడం ఎలా?

ఏ బడి టీమునైనా నిలబెట్టి "నువ్వేం ఆడతావురా?" అని అడిగి చూడండి. "స్మాషర్ సార్." పక్కవాడు? "స్మాషర్." ఆ పక్కవాడు, నెట్టు కింది అంచు కూడా సరిగా అందనివాడు, కొంచెం సిగ్గుపడుతూ "స్మాషరే సార్." పన్నెండు మందిలో పది మంది స్మాషర్లే. "మరి లిఫ్టర్ ఎవర్రా?" అంటే అందరి కళ్లూ ఒక్కడి మీద పడతాయి. ఎక్కువ సార్లు వాడు టీములో అందరికన్నా పొట్టివాడు. వాణ్ని ఎంచుకున్నది చేతివాటం చూసి కాదు, ఇంకెక్కడా పెట్టలేక. బడి టీముల ఓటమికి సగం కారణం ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

ఆట నియమం చూస్తే ఇది ఎంత వింతో తెలుస్తుంది. బంతి మన వైపు వచ్చాక మూడు తాకిళ్లలో అవతలికి పంపాలి. బ్లాకులో తగిలింది లెక్కలోకి రాదు. ఒకరే వరసగా రెండుసార్లు తాకకూడదు. అంటే స్మాష్ అనేది మూడో తాకిడి. దానికి ముందు రెండు చేతులు పని చేసి ఉండాలి. మొదటిది అండర్ హ్యాండ్ పాసు, రెండోది లిఫ్టు. మొదటి బంతి అడ్డదిడ్డంగా పోతే రెండోవాడు పరుగెత్తి ఎలాగో పైకి లేపుతాడు. మూడోవాడు గాల్లో తంటాలు పడి నెట్టులో కొడతాడు. జనం మూడోవాణ్ని తిడతారు. తప్పు మొదటి బంతిదని చూసేవాళ్లలో ఒకరిద్దరికే తెలుస్తుంది. పీఈటీ సారు ఆ ఒకరిద్దరిలో ఉంటే ఆ టీముకు దారి దొరికినట్టే.

1999 నుంచి ఆట లెక్క కూడా మారింది. అంతకు ముందు సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు వచ్చేది, సెట్టు 15కి అయిపోయేది. అవతలివాళ్ల సర్వీసు మీద మనవాడు కొట్టిన స్మాష్ బయట పడితే వాళ్లకు పాయింటు, మన సర్వీసు మీద పడితే మాత్రం సర్వీసు పోయేది, అంతే. ఇప్పుడు ఎవరు సర్వీసు చేసినా ప్రతి బంతికీ పాయింటు ఉంటుంది. సెట్టు 25కి. అంటే కొట్టిన పది బంతుల్లో ఆరు కోర్టులో, నాలుగు నెట్టులో వేసే వీరుడు పదింటిలో నాలుగు పాయింట్లను అవతలివాళ్లకే రాసిస్తున్నాడు. ఊళ్లో పేరు మోసిన స్మాషర్ల లెక్క ఇలా వేసి చూస్తే చాలామంది మీసం మెలివేయడం మానేస్తారు. కానీ బడి మైదానంలో ఇంకా పాత లెక్కే నడుస్తోంది. బలంగా కొట్టినవాడికి చప్పట్లు, కోర్టు మూలన మెల్లగా వేసి పాయింటు తెచ్చినవాడికి "ఏందిరా, ఆడపిల్ల లెక్క" అన్న వెక్కిరింపు. ఆ మాట అన్నవాళ్లు కస్తూర్బా బడి అమ్మాయిల మ్యాచు ఒకటి చూస్తే బాగుంటుంది.

అసలు పుట్టినప్పుడు ఈ ఆటలో స్మాష్ లేదు. 1895లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, హోల్యోక్ అనే ఊళ్లో వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గన్ దీన్ని పెద్దగా ఒళ్లు అలవని ఆటగా తయారు చేశాడు. బంతిని అటూ ఇటూ తోసుకోవడమే ఆట. దాడి వచ్చింది ఫిలిప్పీన్స్ నుంచి. 1916 ప్రాంతంలో అక్కడి ఆటగాళ్లు ఒకరు బంతిని ఎత్తుగా లేపితే ఇంకొకరు ఎగిరి కొట్టడం మొదలుపెట్టారు. దాడి పుట్టిందే ఇద్దరి మధ్య పుట్టింది. లేపేవాడు లేకుండా కొట్టేవాడు ఎప్పుడూ లేడు.

మన తెలుగువాళ్లకు ఈ ఆటలో మంచి పేరే ఉంది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అరికపూడి రమణారావు ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు అందులో పి.వి. రమణ ఉన్నారు. ఆయన్ను ఇప్పుడు అందరూ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తండ్రి అనే గుర్తుపడతారు. సింధు తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. నెట్టు ఆట ఆ ఇంట్లో పుట్టుకతోనే ఉంది, బంతి స్థానంలో షటిల్ వచ్చింది, అంతే తేడా.

అయితే బడిలో దాడి ఎలా నేర్పాలన్న ప్రశ్నకు అన్నిటికన్నా మంచి జవాబు మరో ఆట నుంచి వచ్చింది. ఆ జవాబు చెప్పినాయన ఒక బడిపంతులు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, బళ్లలో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల ఆటల బాధ్యత చూశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన చేతి కింద సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది.

రహీం సాబ్ పిల్లల కోసం విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో ఎవరి వాటం లేని కాలితో వాళ్లు ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో బంతిని కాలి దగ్గర పెట్టుకుని తిప్పడం నిషిద్ధం. వచ్చిన బంతి వచ్చినట్టే ఒక్క తాకిడితో తోటివాడికి పోవాలి. "కలిసి ఆడండి" అని ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. కలిసి ఆడకపోతే ఆటే సాగకుండా నియమం మార్చేశారు. పిల్లలకు మాట వినిపించదు గానీ నియమం వినిపిస్తుంది. 1962లో జకార్తాలో ఆయన జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచింది. అదే జకార్తా క్రీడల్లో మన పురుషుల వాలీబాల్ జట్టు రజతం తెచ్చింది. ఫుట్‌బాల్ స్వర్ణం వెలుగులో ఆ రజతం ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కేన్సర్‌తో కన్నుమూశారు.

ఆయన పద్ధతిని సున్నపు గీతల మధ్యకు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రాక్టీసు మ్యాచులో ఒక నియమం పెట్టాలి: మూడు తాకిళ్లు ఆడి పంపితేనే పాయింటు. రెండో తాకిడికే అవతలికి తోసేస్తే, బంతి కోర్టులో పడి అవతలివాళ్లు చూస్తూ నిలబడ్డా సరే, పాయింటు లేదు. మొదటి రెండు రోజులు గొడవ గొడవగా ఉంటుంది. "సార్, అది పాయింటే గద!" అని నెత్తీ నోరూ కొట్టుకుంటారు. మూడో రోజుకు పాసు ఎత్తుగా, లిఫ్టర్ వైపు పోవడం మొదలవుతుంది. ఇంకో నియమం: ఒక సెట్టులో ఒకరు రెండుసార్లు స్మాష్ చేశాక, మిగతా వాళ్లందరూ ఒక్కసారైనా కొట్టేదాకా అతని స్మాష్‌కు పాయింటు రాదు. లిఫ్టర్ తల తిప్పి ఆ మూలన నిలబడ్డవాణ్ని తొలిసారి చూసేది అప్పుడే. ఇక మూడోది, కొంచెం కఠినమైనది: వారానికి ఒక రోజు స్మాషర్లు అందరూ లిఫ్టు చేయాలి, లిఫ్టర్ కొట్టాలి. చెత్త బంతులు లేపి చూశాక, మంచి బంతి లేపేవాడి విలువ స్మాషర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు స్మాష్ దగ్గరికే వద్దాం. పిల్లలకు మోజు అదే కాబట్టి దాన్ని దాచిపెట్టి లాభం లేదు. మొదటి రోజే నేర్పాలి, కానీ వెనక నుంచి నేర్పాలి. చాలా బళ్లలో పిల్లలు వరసగా నిలబడతారు, సారు బంతి పైకి వేస్తాడు, ఒక్కొక్కడు ఉరికొచ్చి కొడతాడు, సగం బంతులు రోడ్డు మీదికి పోతాయి. తెచ్చుకోవడానికే గంట సరిపోతుంది. దానికన్నా బంతిని గాల్లో నిలబెట్టి చూపడం మేలు. నెట్టు పక్కన బల్ల వేసి, సారు దానిమీద నిలబడి, నెట్టు పైఅంచుకు జానెడు ఎత్తున అరచేతిలో బంతి పట్టుకోవాలి. పిల్లవాడు అడుగులు వేసి, ఎగిరి, ఆ కదలని బంతిని కొట్టాలి. బంతి ఎక్కడికి పోతుందో చూసే పని లేదు కాబట్టి చూపంతా తన ఒంటి మీదే ఉంటుంది.

అడుగులు మూడు. కుడిచేతివాడికి ఎడమ, కుడి, ఎడమ. మొదటిది మెల్లగా, చిన్నగా. తర్వాతి రెండూ దబదబా, దాదాపు ఒకేసారి. రెండు చేతులూ వెనక్కి ఊగి, మడమలు నేలను తాకి, ఆ ఊపుతోనే ఒళ్లు పైకి లేవాలి. ఇక్కడ సున్నం బకెట్ పనికొస్తుంది. మూడు మీటర్ల గీత దగ్గర నుంచి నెట్టు వైపు మూడు పాదముద్రలు నేల మీద గీసి, బంతి లేకుండా వాటి మీద నడిపించాలి. ఎడమచేతి వాటం పిల్లవాడికి పక్కన ఇంకో వరస, కుడి, ఎడమ, కుడి. వాణ్ని మందలో కలిపేసి కుడి వాటానికి మార్చే సార్లు ఇంకా ఉన్నారు. పెద్ద పొరపాటు అది. రెండో నంబరు స్థానంలో, అంటే నెట్టు కుడివైపున, ఎడమచేతివాడు దొరకడం టీముకు వరం.

తర్వాత వేళ. పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే, తొందర. పాసు లేవగానే ఉరికి నెట్టు కిందికి వెళ్లి నిలబడతారు. బంతి నెత్తి మీద నుంచి వెనక్కి పోతుంది. ఎత్తు బంతికి సూత్రం సులువు: బంతి లిఫ్టర్ వేళ్లను వదిలాకనే మొదటి అడుగు. అరచెయ్యి బంతిని కలిసేచోటు భుజానికి కొంచెం ముందు, చెయ్యి పూర్తిగా చాచిన ఎత్తులో ఉండాలి. కొట్టాక మణికట్టు కిందికి వంగాలి, అప్పుడే బంతి ముందుకు దొర్లుతూ కోర్టులో వాలుతుంది. పెద్దల పోటీల్లో నెట్టు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. ఏడో తరగతి పిల్లవాడికి ఆ ఎత్తు పెట్టి "కొట్టు" అంటే వాడు నేర్చుకునేది బంతిని కింద నుంచి పైకి తొయ్యడమే. తాడు రెండు ముళ్లు దించి కట్టుకుంటే పోయేదేం లేదు. కాలు నేల మీద ఉంచి కొట్టగలిగే ఎత్తులో మొదలుపెట్టి, నెల నెలా పైకి కట్టొచ్చు.

ఇంతా చేసి బలంగా కొట్టడం ఒక్కటే దాడి అనుకుంటే ఆట సగమే తెలిసినట్టు. అవతలి బ్లాకు వెనక ఖాళీగా ఉన్నచోట వేలి కొసలతో వదిలే డ్రాపు, బ్లాకర్ల చేతుల అంచుకు తగిలించి బయటికి పంపే దెబ్బ, కోర్టు వెనక మూలకు పొడుగ్గా వేసే ప్లేసింగ్, ఇవన్నీ దాడులే. పొట్టి పిల్లలకు ఇవే ఆయుధాలు. ఈ మాట ఉత్త ఓదార్పు కాదనడానికి జపాన్ సాక్ష్యం ఉంది. వాళ్ల పురుషుల జట్టు 1964లో సొంతగడ్డ మీద కాంస్యం, 1968లో రజతం, 1972 మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచింది. ఐరోపా జట్లకు ఎత్తులో చాలలేమని శిక్షకుడు మత్సుదైరాకు తెలుసు. అందుకే ఒకడు ముందుగా ఎగిరి బ్లాకును తనవైపు లాగితే, అర క్షణం తేడాతో వెనక ఇంకొకడు ఎగిరి కొట్టేలా దాడులు అల్లాడు. ఆ అల్లిక అంతా ఒక్క లిఫ్టర్ వేళ్ల మీద నడిచింది. పేరు కత్సుతోషి నెకోదా. ఆ మూడు ఒలింపిక్స్‌లోనూ ఆయన ఉన్నాడు. మన ఊళ్లలో ఆయన పేరు తెలిసిన స్మాషర్లు ఎందరో ఊహించుకోవచ్చు.

లిఫ్టర్‌ను తయారు చేయడానికి మైదానం కూడా అక్కర్లేదు, బడి గోడ చాలు. నెట్టుకు బారెడు పైన పడే ఎత్తులో గోడ మీద సుద్దతో ఒక గుండ్రటి గీత. పది వేళ్లూ నుదుటి పైన కిటికీలా తెరిచి, బంతిని ఆ గీతలోకి పంపి, తిరిగి వచ్చింది అందుకుని మళ్లీ పంపాలి. బంతి వేళ్లను వదిలేటప్పుడు చప్పుడు వినిపించకూడదు. వినిపిస్తే అరచెయ్యి తగిలిందని అర్థం. రెండు చేతులూ ఒకేసారి వదలకపోతే బంతి గిర్రున తిరుగుతుంది. రెఫరీ విజిల్ వేయకముందే ఆ తిరుగుడు చూసి పిల్లవాడికే తప్పు తెలిసిపోతుంది. కొత్తలో వేళ్లు నొప్పి పెడతాయి. ముఖ్యంగా గాలి ఎక్కువైన పాత రబ్బరు బంతితో. కొంచెం గాలి తీసిన బంతితో మొదలుపెడితే పిల్లలు లిఫ్టు పేరు చెబితే పారిపోరు.

బడి టీముకు ఒక్క లిఫ్టర్ చాలడు. ఒకడే లిఫ్టర్, అయిదుగురు కొట్టేవాళ్లు అనే పద్ధతి టీవీలో చూడటానికి బాగుంటుంది. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్ మన గచ్చిబౌలిలోనే జరిగాక పిల్లలకు అదే మోడల్. దానితో పాటు జంప్ సర్వీసు కూడా. పదింటిలో ఏడు నెట్టుకు తగిలే జంప్ సర్వీసు. కానీ బడి స్థాయిలో ఇద్దరు లిఫ్టర్లను ఎదురెదురు స్థానాల్లో పెట్టి, మిగతా నలుగురితో దాడి చేయించడమే తెలివైన పని. తిరిగే క్రమంలో ఎప్పుడూ ఒక లిఫ్టర్ ముందు వరసలో ఉంటాడు. వెనక నుంచి ఉరికి రావలసిన తిప్పలు తప్పుతాయి. ఊరాటల్లో ఎవడి చోటు వాడిదే, పొడుగువాడు పొద్దంతా నెట్టు దగ్గరే పాతుకుంటాడు. స్కూల్ గేమ్స్‌లో అలా కుదరదు. సర్వీసు మన చేతికి వచ్చినప్పుడల్లా గడియారం ముల్లు దిశలో తిరగాల్సిందే. ప్రతివాడూ ముందుకొస్తాడు, ప్రతివాడూ వెనక్కి పోతాడు. ఒక్క స్మాషర్‌ను నమ్ముకున్న టీముకు వాడు వెనక వరసకు పోయిన మూడు భ్రమణాలూ శని దశే.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు రెండో లిఫ్టర్ అవసరానికి ఆటతో సంబంధం లేని కారణం ఒకటి ఉంది. నారాయణపేట, మద్దూరు, కోస్గి ప్రాంతాల నుంచి దసరా, దీపావళి దాటాక కుటుంబాలు ముంబై, పుణె దారి పడతాయి. తల్లిదండ్రులు మట్టి పనికీ, భవనాల పనికీ పోతే పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అయినా వెంట పోయే పిల్లలు పోతూనే ఉంటారు. ఆగస్టు నుంచి కుదిరిన టీములో నవంబరుకు ఒక చోటు ఖాళీ. ఆ చోటు లిఫ్టర్‌దైతే మూడు నెలల కష్టం నీళ్లపాలు. నల్లగొండ వైపు ఇంకో రకం చరిత్ర. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను బిరుసు చేసి, మోకాళ్లు వంగని బాల్యాలను మిగిల్చాయి. సర్వీసు అందుకోవాలంటే మోకాళ్లు వంచి, నడుము దించి నిలబడాలి కదా. 2015లో, ఊళ్లకు నది నీళ్లు తెచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఆ పక్కనే చౌటుప్పల్‌లో వెలిసింది. నది నీళ్లు తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు ఆ మండలాల్లో హైస్కూలు టీముల వయసుకు వచ్చారు.

కలిసి ఆడే సమయం విషయంలో గురుకులాల సంగతి వేరు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. ఆ తరహా బళ్లలో పిల్లలు పొద్దున్నే, సాయంత్రమూ మైదానంలోనే ఉంటారు. ఇంటికి పోయే బస్సు తొందర లేదు. ఆర్నెల్లు ఒకే చోట తిని, ఒకే చోట పడుకున్న ఆరుగురికి ఒకరి కదలిక ఒకరికి చెప్పకుండానే తెలుస్తుంది. మామూలు హైస్కూలుకు ఆ వసతి లేదు. నాలుగూ ఇరవైకి బెల్లు, అయిదున్నరకు ఆఖరి బస్సు. ఆ గంటలో సగం ఒంటరి కసరత్తులకు పోతే కలిసి ఆడేదెప్పుడు? అందుకే ఉన్న గంటలో ముగ్గురు ముగ్గురుగా చిన్న కోర్టు ఆట ఆడించడం లాభం. ముగ్గురే ఉంటే దాక్కోవడానికి చోటుండదు. ఒకరు పాసు, ఒకరు లిఫ్టు, ఒకరు దెబ్బ, తర్వాతి బంతికి పాత్రలు మారతాయి.

కలిసి ఆడటం నోటి నుంచి మొదలవుతుంది. ఇద్దరి మధ్య పడే సర్వీసును చూడండి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, బంతి మధ్యలో మట్టి మీద పడి దుమ్ము లేపుతుంది. మన పిల్లల్లో మర్యాద ఎక్కువ, పైగా పై తరగతివాడు పక్కనుంటే నోరు పెగలదు. "నాది" అనాలి. బంతి నెట్టు దాటకముందే, గట్టిగా అనాలి. రెండోవాడు "ఇడిసిన" అని పక్కకు జరగాలి. ఎనిమిదో తరగతివాడు పదో తరగతివాణ్ని "అన్నా, ఇడ్సు" అని కోర్టులో అదిలించగలిగితే ఆ టీము సగం కుదిరినట్టు. కొందరు సార్లకు ఈ కేకలు అల్లరిగా తోస్తాయి. నిశ్శబ్దంగా ఆడే టీము క్రమశిక్షణ గల టీము అనుకుంటారు. తరగతి గదిలో అది నిజం కావచ్చు.

రెండోది, కొట్టేవాడి వెనక ఎవరున్నారు? స్మాషర్ ఎగిరాడంటే మిగతా అయిదుగురూ ప్రేక్షకులైపోవడం బడి ఆటలో మామూలు. బ్లాకుకు తగిలిన బంతి మన వైపే, నెట్టుకు దగ్గర్లోనే పడుతుంది. దాన్ని లేపాలంటే కనీసం ముగ్గురు స్మాషర్ చుట్టూ చేరి, మోకాళ్లు వంచి, చేతులు దించి ఉండాలి. లిఫ్టు చేసినవాడు తన పని అయిపోయిందని నిలబడకుండా అటే అడుగు వేయాలి. దీన్ని అలవాటు చేయడానికి ఒక ఉపాయం చాలు. ఇద్దరు పిల్లలు అట్టముక్కలు పట్టుకుని నెట్టు అవతల బల్ల మీద నిలబడాలి. ప్రతి స్మాషూ అట్టకు తగిలి తిరిగొస్తుంది. లేపినవాళ్లకు పాయింటు, కొట్టినవాడికి సున్నా. అరగంటలో అందరి కాళ్లూ కదులుతాయి.

గాలి సంగతీ చెప్పాలి. ఆషాఢంలో ఈ మెట్టల మీద పడమటి గాలి ఎలా వీస్తుందో ఇక్కడివాళ్లకు తెలుసు. 260 నుంచి 280 గ్రాముల బంతి ఆ గాలికి దారి తప్పుతుంది. గాలికి ఎదురు వైపు ఆడేటప్పుడు లిఫ్టు తక్కువ ఎత్తులో, నెట్టుకు కొంచెం దగ్గరగా ఉండాలి. గాలి వెనక నుంచి ఉంటే సర్వీసు పొడుగ్గా పోతుంది, కాబట్టి బలం తగ్గించాలి. సెట్టు మారగానే కోర్టు మారుతుంది, లెక్కా మారుతుంది. కోర్టును ఉత్తరం దక్షిణంగా గీసుకుంటే సాయంత్రం ఎండ ఎవరి కళ్లలోనూ పడదు. కొత్తగా గీసే బళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా మేలే.

ఇవన్నీ ఒక బడి లోపలి పని. ఆపైన ఇంకో మెట్టు ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి వచ్చాయి. పాలమూరు నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, 2019లో నారాయణపేట వచ్చాయి. స్కూల్ గేమ్స్ ఎంపికల్లో మాత్రం ఉమ్మడి జిల్లా మాట ఇంకా నడుస్తోంది. అలంపూర్ పిల్లవాడూ అచ్చంపేట పిల్లవాడూ ఒకే జెర్సీ వేసుకుంటారు. ఎంపిక రోజున ఏం జరుగుతుందంటే, ఎగిరి కొట్టించి చూస్తారు, బాగా కొట్టినవాళ్ల పేర్లు రాసుకుంటారు. జాబితా నిండాక ఎవరో అంటారు, "లిఫ్టర్ లేడు గద సార్." అప్పుడు మొదలవుతుంది వెతుకులాట.

ఆ రోజు పీఈటీలు చేయగలిగిన పని ఒకటుంది. ముందు లిఫ్టర్లను పిలవాలి. నలుగురైదుగురిని నెట్టు దగ్గర నిలబెట్టి, వంకర పాసులు వేసి, ఎవరు వాటిని కొట్టదగ్గ బంతులుగా మారుస్తారో చూసి ఇద్దరిని రాసుకోవాలి. ఆ ఇద్దరూ లేపిన బంతుల మీదే స్మాషర్ల ఎంపిక జరగాలి. రాష్ట్ర పోటీలకు ముందు దొరికేది కొద్ది రోజుల క్యాంపు. ఆ కొద్ది రోజుల్లో లిఫ్టర్ పన్నెండు మంది పేర్లు, ఎవరికి ఎంత ఎత్తు కావాలో, ఎవరు ఎడమచేతివాడో నేర్చుకోవాలి. క్యాంపు మొదటి పూట బంతి ముట్టకుండా ఒక్కొక్కరూ లిఫ్టర్ దగ్గరికి వచ్చి తనకు బంతి ఎక్కడ కావాలో చెయ్యి ఎత్తి చూపించే పద్ధతి పెడితే పావుగంట పడుతుంది. గద్వాల కుర్రాడు చెయ్యి ఎత్తి "గింత ఎత్తుల, నెట్టుకు జర్ర దూరం" అని చూపిస్తాడు. లిఫ్టర్ తల ఊపి తర్వాతివాణ్ని పిలుస్తాడు.